హంటర్లకూ జంపర్లకూ పడదంటారు, నేను చూసింది వేరు

ఉత్తర వర్జీనియా నుంచి ఒక అమ్మ అడిగారు: “మా పాపకు పదకొండేళ్లు, గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. బార్న్‌లో (గుర్రాల శాలలో) హంటర్ పిల్లలు ఒక జట్టు, జంపర్ పిల్లలు ఒక జట్టు. ఒకరంటే ఒకరికి చులకన. నిజంగానే వీళ్లకు పడదా? మా పాపను ఎటు పంపాలి?”

పడుతుందండీ. పడనిది రింగు బయట కుర్చీలు వేసుకుని కూర్చునే పెద్దవాళ్లకు. ఏడేళ్లుగా యాష్‌బర్న్ నుంచి మిడిల్‌బర్గ్ వైపు వారానికి మూడుసార్లు కారు నడుపుతున్న తల్లిగా చెబుతున్నాను. మా అమ్మాయికి ఇప్పుడు పదహారు. తను హంటర్. తెలియనివాళ్ల కోసం: గుర్రం ఎంత సాఫీగా, అందంగా దూకిందో చూసి జడ్జి మార్కులు వేసే పోటీ హంటర్; కర్ర పడకుండా, త్వరగా దూకినవాళ్లు గెలిచే పోటీ జంపర్.

మాటలైతే ఉన్నాయి, కాదనను. జంపర్ పిల్లలు హంటర్లను “ప్రిన్సెస్‌లు” అంటారు. గుర్రానికి జడలు వేసి, సవరం కట్టి అందాల పోటీకి తెచ్చారంటారు. సవరం సంగతి నిజమే. తోక ఒత్తుగా కనిపించాలని హంటర్ గుర్రాలకు విడిగా వెంట్రుకలు కడతారు, మన పెళ్లికూతుళ్లకు కట్టినట్టే. హంటర్ పిల్లలు మాత్రం ఊరుకుంటారా? జంపర్లకు స్వారీ రాదు, పగ్గాలు లాగి, మడమలతో పొడిచి ఎలాగోలా అవతల పడటమే వాళ్లకు తెలిసిన విద్య అంటారు.

జంపర్ ఎవరికైనా అర్థమవుతుంది. అడ్డం మీది కర్ర పడితే 4 ఫాల్ట్‌లు (తప్పు మార్కులు), గుర్రం మొరాయిస్తే 4, టైము దాటితే ఇంకొన్ని. ఒక్క ఫాల్టూ లేనివాళ్లు జంప్ ఆఫ్‌కు వెళ్తారు, అది గెలుపు తేల్చే ఆఖరి రౌండు, అక్కడ గడియారమే జడ్జి. మావారికి మొదటి రోజే అంతా అర్థమైపోయింది. హంటర్ అలా కాదు. ఇద్దరు పిల్లలు అవే ఎనిమిది అడ్డాలు దూకుతారు, ఇద్దరికీ ఒక్క కర్ర పడదు, అయినా ఒకరికి 82 వస్తుంది, ఇంకొకరికి 64. చాలా క్లాసుల్లో (పోటీ విభాగాల్లో) ఆ మార్కు కూడా బయటికి చెప్పరు, ఎవరు ఎన్నో స్థానమో చెప్పి ఊరుకుంటారు. మా పిల్ల ఎందుకు వెనకబడిందని అడిగితే ట్రైనర్ మూడు నిమిషాల్లో చెప్పేసింది. నాకు అది కంటికి కనబడటానికి మూడేళ్లు పట్టింది.

కూచిపూడి తరంగం చూసినవాళ్లకు తొందరగా తెలుస్తుంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి తాళం తప్పకుండా కదులుతుంటే, ఆ పిల్ల పడుతున్న కష్టం మనకు కనబడకూడదు. కనబడిందంటే అక్కడే తగ్గింది. హంటర్ రౌండు అచ్చం అంతే. మొదటి అడ్డం దగ్గర ఏ వేగమో ఎనిమిదో అడ్డం దగ్గరా అదే వేగం. గుర్రం ముందు మోకాళ్లు పైకి ముడిచి, వీపు విల్లులా వంచి దూకాలి. మూల తిరిగేటప్పుడు ముందుండే కాలు మార్చుకోవాలి. రైడరు ఏమీ చేయనట్టే ఉండాలి. ఇదంతా నక్కల వేట నుంచి వచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కంచెలు, గోడలు దాటించుకుంటూ మనిషిని కుదుపు లేకుండా మోసే గుర్రం ఏది? జడ్జి వెతికేది ఆ గుర్రాన్ని.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న రోజు. రెండేళ్ల కిందట, సెప్టెంబరులో ఒక శనివారం. షో గ్రౌండ్‌కు మేం తెల్లవారుజామున నాలుగున్నరకు చేరాం. జడలు వేయడానికి మాట్లాడుకున్న మనిషి రావడం లేదని ఫోన్లో మెసేజ్. మా అమ్మాయి క్లాసు ఎనిమిదింటికి. జడలు లేకుండా వెళ్లకూడదని రూలేమీ లేదు, కానీ ఆ స్థాయి షోలో అలా ఎవరూ వెళ్లరు. అరంగేట్రానికి జుట్టు విరబోసుకుని వెళ్లినట్టు ఉంటుంది. మా అమ్మాయి స్టూలెక్కి తనే మొదలుపెట్టింది. ముప్పావు గంటలో ఆరు జడలు వచ్చాయి, అందులో రెండు వాటంతట అవే ఊడిపోయాయి. ఏడుపు ఆపుకుంటోంది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి.

అప్పుడు పక్క స్టాల్లో తన గుర్రానికి దాణా పెట్టడానికి ఒక అమ్మాయి వచ్చింది. మా బార్న్‌దే, జంపర్, అప్పటికి పద్దెనిమిదేళ్లు. అంతకు ముందు వారమే మా అమ్మాయి ముందు “మీది గుర్రాల ఫ్యాషన్ షో” అని నవ్వింది. రెండు నిమిషాలు చూసింది. దాణా బకెట్టు కింద పెట్టి, ఎక్కడి నుంచో ఒక గుడ్డసంచి తెచ్చి, “దిగు” అంది.

సంచిలో ముదురు గోధుమరంగు ఊలు దారం ముక్కలు, అన్నీ ఒకే పొడవు. ఒక దువ్వెన, ఒక స్పాంజి, కొసన కొక్కెం ఉన్న సన్నని ఇనప ఊచ, కుట్లు విప్పే చిన్న కత్తి. ముందు మా అమ్మాయి వేసిన జడలన్నీ విప్పేసింది. స్పాంజితో జూలు తడిపింది. దువ్వెన వెడల్పుకు ఒక పాయ తీసి, మెడకు ఆనించి బిగువుగా అల్లుతూ, సగానికి వచ్చాక ఊలు దారం కలిపి, కింద ముడేసి వదిలింది. తరవాతది. ఆ తరవాతది. అలా చెవుల దగ్గర నుంచి వీపు దాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, ఒక్కొక్క జడలోకి కొక్కెం దూర్చి దారాన్ని పైకి లాగి, మడిచి, కట్టి, బొటనవేలితో నొక్కితే పైన చిన్న బొత్తాం లేచింది. ముప్పై ఆరు జడలు. అన్నీ ఒకే పొడవు, అన్నీ మెడకు కుడివైపే. నేను పక్కన నిలబడి ఫోన్ లైటు పట్టాను. ఆ వెలుగులో ఆ పిల్ల చూపుడువేలు చూశాను. దారం లాగి లాగి కణుపు దగ్గర చర్మం చీరుకుపోయి, గాడి పడి ఉంది.

ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. పన్నెండేళ్లు వచ్చేదాకా తనూ పోనీల మీద హంటర్ పోటీలే చేసిందట. ఇప్పుడు షోల్లో రాత్రిళ్లు జడలు వేసి, ఆ డబ్బుతో తన జంపర్ ఎంట్రీ ఫీజులు కట్టుకుంటోందట. “ఈ రాత్రి మూడు అయ్యాయి, మీది నాలుగోది” అంది. మరి హంటర్లంటే ఎందుకంత చులకనగా మాట్లాడతావని అడిగేశాను. చెయ్యి ఆపకుండానే చెప్పింది: “హంటర్ నాకు ఇష్టమే. గెలిచే హంటర్ గుర్రాన్ని కొనే డబ్బు మా ఇంట్లో లేదు. జంపర్లో నా గుర్రం ఎలా ఉన్నా ఎవరూ అడగరు, కర్ర పడకపోతే చాలు.”

ఆ మాట దగ్గర నాకు ఇన్నేళ్ల గొడవ అర్థమైంది. వెక్కిరింతల్లో సగం ఆట గురించి కాదు, డబ్బు గురించి. ఆ పిల్ల గుర్రం పందేల నుంచి తప్పించిన థరోబ్రెడ్, చవగ్గా వచ్చింది. దూకేటప్పుడు ముందు కాళ్లు వేలాడేస్తుంది. హంటర్ రింగులో దానికి 60 రావడం కూడా కష్టం. స్నోమన్ కథ మీరు వినే ఉంటారు. 1956లో హ్యారీ డెలేయర్ కబేళాకు పోతున్న నాగలి గుర్రాన్ని 80 డాలర్లకు కొన్నాడు, రెండేళ్లు తిరిగేసరికి అది దేశంలోనే పేరు మోసిన జంపర్. అలాంటి కథ జంపర్ రింగులోనే పుడుతుంది.

జడలు వేసినందుకు అరవై డాలర్లు ఆ పిల్ల చేతిలో పెడితే వద్దనకుండా తీసుకుంది. అది నాకు బాగా నచ్చింది. పని చేసింది, కూలి తీసుకుంది. మా అమ్మాయికి ఆ పొద్దున 79 వచ్చింది, రెండో స్థానం.

మధ్యాహ్నం ఆ పిల్ల క్లాసు, 1.10 మీటర్ల ఎత్తు అడ్డాలు. కోర్సు నడవడానికి వెళ్తూ మా అమ్మాయిని కూడా రమ్మంది. గుర్రం అంగను వీళ్లు స్ట్రైడ్ అంటారు. ఒక స్ట్రైడ్ 12 అడుగులు, అంటే మనిషి నాలుగు పెద్ద అడుగులు. నాలుగో అడ్డానికీ అయిదో అడ్డానికీ మధ్య కొలిస్తే ఆరున్నర స్ట్రైడ్‌లు వచ్చింది. ఆరు వేస్తే తోలాలి, ఏడు వేస్తే పట్టి ఉంచాలి. మా అమ్మాయి ఏడు అంది: “నీ గుర్రాన్ని ఆరుతో తోలితే కాళ్లు వేలాడేస్తుంది. మూల దగ్గరే నెమ్మది చేసుకో, ఏడు వాటంతట అవే వస్తాయి.” మొదటి రౌండులో ఆ పిల్ల ఏడే వేసింది, ఒక్క కర్ర పడలేదు. జంప్ ఆఫ్‌లో ఆరు వేసింది. అయిదో అడ్డం కర్ర దొర్లింది. అయిదో స్థానం.

బయటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, ఏడు మరిచిపోయావా అని. “మరిచిపోలేదు. ఏడుతో గెలవలేను, అందుకే ఆరు” అంది. ఇంటికొచ్చే దారంతా మా అమ్మాయి అదే ఆలోచన. తప్పు లేకుండా చేయడం ఒక్కటే తనకు తెలుసు. పడుతుందని తెలిసి కూడా కావాలని ఆరు వేసే మనిషిని ఆ రోజే చూసింది. ఆ తరవాత ఇద్దరూ ఒకరి క్లాసు ఒకరు తప్పకుండా చూస్తున్నారు.

మనం ఉంటున్న చోటి పెద్ద రైడర్‌నే చూడండి. రాడ్నీ జెంకిన్స్ మిడిల్‌బర్గ్‌లో పుట్టాడు, 2024 డిసెంబరులో పోయాడు. ఒకే షోలో పొద్దున హంటర్లు, సాయంత్రం జంపర్లు ఎక్కిన మనిషి. ఆయన జంపర్ గుర్రం ఐడిల్ డైస్ 1987లో షో జంపింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది, ఆ గౌరవం దక్కిన మొదటి గుర్రం అదే. ఆ చేతులను హంటర్ చేతులనాలా, జంపర్ చేతులనాలా? జెసికా స్ప్రింగ్‌స్టీన్ 2008లో మాక్లే ఫైనల్స్ గెలిచింది. అక్కడ చూసేది రైడర్ కూర్చునే తీరు, అచ్చం హంటర్ వాళ్ల పట్టింపే. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జంపింగ్ జట్టుకు వెండి పతకం వచ్చినప్పుడు ఆమె ఆ జట్టులో ఉంది. అటు హంటర్లు కూడా జంపర్ల నుంచి తెచ్చుకున్నారు. ఇంటర్నేషనల్ హంటర్ డెర్బీలో పెద్ద అడ్డాలు, ఇరుకు మలుపులు పెట్టి, ధైర్యంగా వెళ్లినవాళ్లకు అదనపు మార్కులు ఇస్తారు. దాని మొదటి ఫైనల్స్ 2009లో లెక్సింగ్టన్‌లో జరిగాయి, రుంబా అనే గుర్రం మీద జాన్ ఫ్రెంచ్ గెలిచాడు. వెక్కిరించుకునే పిల్లలకు ట్రైనర్లు ఈ సంగతులెందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

హంటర్ల వైపు నన్ను బాధపెట్టేది ఒకటుంది, అదీ చెప్పాలి. గుర్రం నెమ్మదిగా కనిపించాలని తెల్లవారకముందే తాడు కట్టి, అలిసిపోయేదాకా గుండ్రంగా పరిగెత్తిస్తారు కొందరు. అది శిక్షణ కాదు, హింస. మీ ట్రైనర్ అలా చేస్తుంటే, ఎన్ని రిబ్బన్లు గెలిచినా సరే, బార్న్ మార్చేయండి. జంపర్ల వైపు తప్పు ఇంకొకటి. పదేళ్ల పిల్ల గుర్రాన్ని అదుపు లేకుండా తోలి గెలిస్తే చప్పట్లు కొడతారు. ఆ పిల్ల పదమూడేళ్లకు పెద్ద అడ్డం ముందు భయపడిపోతుంది. నేను ఇద్దరిని చూశాను.

ఖర్చు మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. మా గుర్రం కాలు బెణికి ఆరు వారాలు స్టాల్లో నిలబడితే, ఆ ఆరు వారాలూ మా వంతు సగం లీజు (అద్దె) డబ్బు కట్టాం. మా చుట్టాలకు గుర్రం అంటే మలక్‌పేట రేసులే. ఆ డబ్బుతో మ్యాథ్స్ కోచింగ్ ఇప్పించొచ్చు కదా అని మా అత్తయ్య ప్రతి ఫోన్లోనూ అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి తనంతట తనే లేచి పేడ ఎత్తే పిల్లను ఏ కోచింగ్ తయారు చేస్తుందో నాకు చెప్పేవాళ్లు లేరు.

మీ పాప విషయం. మొదటి మూడేళ్లు హంటర్‌లోనే ఉంచండి. ఒకే వేగం పట్టడం, కాలు మార్పించడం, దూకే చోటును ముందే చూడటం అక్కడే వస్తాయి, ఇంకెక్కడా అంత ఓపికగా నేర్పరు. ఆ తరవాత జంపర్ అంటే వెళ్లనివ్వండి, ఆపకండి. మొదలే జంపర్‌తో పెట్టి మళ్లీ వెనక్కి వచ్చి నేర్చుకుంటున్న పిల్లలు మా బార్న్‌లోనే నలుగురున్నారు.

జూన్‌లో అప్పర్‌విల్ షోకు పాపను తీసుకురండి. 1853లో మొదలైంది, అమెరికాలో అన్నిటికన్నా పాత గుర్రాల షో. రూట్ 50 మీదే, మనకు దూరం కాదు. పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడ ఉంటుంది, టోపీ మాత్రం మరిచిపోకండి. జంపర్ క్లాసు జరిగేటప్పుడు రింగు లోపలికి కాదు, కంచె వైపు చూడమనండి. హంటర్ క్లాసు ముగించుకుని, కోటు విప్పి భుజాన వేసుకుని వచ్చిన పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. గుర్రం అడ్డం వైపు తిరగగానే వాళ్ల పెదవులు కదులుతాయి. నాలుగు, అయిదు, ఆరు అని లెక్కపెడుతుంటారు.