హెచ్చరిక బోర్డులు: విదేశంలో కొత్తగా పనిలో చేరినవారికి

భవనాల్లోనూ పనిచోట్లలోనూ తలుపులకూ యంత్రాలకూ అంటించి ఉండే హెచ్చరిక బోర్డులను మనవాళ్లు చాలామంది చూసీ చూడనట్టు దాటిపోతుంటారు. పనిలో చేరిన మొదటి వారంలోనే వాటిని చదవడం నేర్చుకోవాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

యూరప్‌లోనూ, భద్రతా గుర్తులకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7010ను పాటించే ఇతర దేశాల్లోనూ ఆకారం, రంగు చూస్తేనే సంగతి తెలుస్తుంది. పసుపు త్రిభుజం ప్రమాదం ఉందని చెబుతుంది; ఎర్రని వలయానికి అడ్డగీత ఉంటే అది నిషేధం; నీలి వృత్తంలో చూపిన హెల్మెట్టు గానీ కళ్లజోడు గానీ తప్పక ధరించాలి; ఆకుపచ్చ బోర్డు బయటపడే దారిని చూపుతుంది. అమెరికాలో మాటకు ప్రాధాన్యం ఎక్కువ. ఎరుపులో ‘డేంజర్’ అని ఉంటే, తప్పుకోకపోతే ప్రాణమే పోతుంది లేదా తీవ్రంగా గాయపడతారు. నారింజ రంగులో ‘వార్నింగ్’ ఉంటే అలా జరిగే అవకాశం ఉంది. పసుపులో ‘కాషన్’ ఉంటే అంతకన్నా తక్కువ గాయం కావచ్చు.

అన్నిటికన్నా నేను ఎక్కువగా భయపడేది ‘కన్‌ఫైన్డ్ స్పేస్’ (లోపలికి వెళ్లడం, బయటికి రావడం కష్టమైన ఇరుకు చోటు) అనే బోర్డుకు. ట్యాంకులు, మ్యాన్‌హోళ్లు, లోతైన గుంతల దగ్గర అది కనిపిస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం అది 19.5 శాతం కన్నా తగ్గితే ఆ చోటు ప్రమాదకరమైనదే, కానీ ఆ తగ్గుదల కంటికి కనిపించదు, వాసనకు తెలియదు. లోపల పడిపోయిన తోటివాడిని కాపాడాలని ఆదుర్దాగా దిగి తామూ ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. అలాంటప్పుడు దిగకుండా అలారం మోగించి, శిక్షణ పొందిన సిబ్బందిని పిలవడమే సరైన పని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తమకిది వర్తించదనుకోకూడదు, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ వదిలి మంటలార్పే ఏర్పాటు ఉన్న సర్వర్ గదిలోనూ ఇదే ముప్పు ఉంటుంది. అక్కడ అలారం మోగితే ల్యాప్‌టాప్ కోసం కూడా ఆగకుండా బయటికి వచ్చేయాలి.

స్విచ్చుకు తాళమూ ట్యాగూ వేసి ఉంటే, యంత్రం లోపల ఎవరో మరమ్మతు చేస్తూ ఉండవచ్చు కనుక, అది ఎంత అడ్డుగా ఉన్నా వేసినవారు తప్ప ఇంకెవరూ తీయకూడదు.

అమెరికాలో భద్రతా శిక్షణను పనివారికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలని ఓషా (అక్కడ పనిచోట భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ఉంది. కాబట్టి ఏ బోర్డైనా అర్థం కాకపోతే మొహమాటపడకుండా సూపర్‌వైజర్‌ను అడగండి, అది తెలిసేదాకా ఆ తలుపు తెరవకండి.