జ్యోతి ఎత్తకపోతే వెలి వేస్తామంటున్నారు

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నా వయసు 34. ఇంట్లోనే మిషను కుడతాను. ఇద్దరు పిల్లలు. ఐదేళ్లుగా ఆదివారం ప్రార్థనకు వెళుతున్నాను. మావారు రారు, అడ్డూ చెప్పరు. ఆయన ఏటా ఆరాధనకు బ్రహ్మంగారి మఠం వెళ్లివస్తారు. అత్తగారు ఏమీ అనరు, ఆదివారం నేను తిరిగొచ్చేసరికి వంట చేసి ఉంచుతారు. వచ్చే నెల ఊరి అమ్మవారు పెద్దమ్మకు దేవర, అంటే జాతర. ఇంటి కోడలిగా నేను అమ్మవారికి దీపం పట్టే జ్యోతి ఎత్తకపోతే వెలి వేస్తామని, వీధి కొళాయి నీళ్లు పట్టుకోనివ్వమని, రేషను కార్డు తీయిస్తామని మా బావగారు, మరో ఇద్దరు పెద్దలు బెదిరిస్తున్నారు. నన్ను వదిలేయమని మావారికి నూరిపోస్తున్నారు. ‘ఒక్కరోజు ఎత్తి వచ్చేయి, మనసులో నీ దేవుణ్ణే తలచుకో’ అని మావారు బతిమాలుతున్నారు. ‘ప్రాణం పోయినా తల వంచకు’ అని పాస్టరుగారు అంటున్నారు. భయపడి బైబిలును బియ్యం డబ్బాలో దాచాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, జ్యోతి ఎత్తకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎత్తాలా వద్దా అన్న సందేహం ఎక్కడా కనిపించలేదు. ఎత్తకపోతే ఏమవుతుందోనన్న భయమే ఉంది. మనసు తేల్చుకున్న విషయాన్ని మళ్లీ తిరగదోడి ప్రయోజనం లేదు. ఇక మిగిలింది ఆ భయం సంగతి.

ముందు పాస్టరుగారి మాట. ప్రాణం మీదికి తెచ్చుకోమని చెప్పడం తేలిక, ఆ ఇంట్లో కాపురం చేయవలసింది ఆయన కాదు కదా. ఒక ఊళ్లో హింసిస్తే మరో ఊరికి పారిపొమ్మని యేసు శిష్యులకు చెప్పిన మాట మత్తయి సువార్త పదో అధ్యాయంలోనే ఉంది. బైబిలులో బబులోనుకు చెరపట్టుకుపోయిన దానియేలు కథ మీకు తెలిసే ఉంటుంది. సింహాల గుహ గురించి అందరూ చెబుతారు గానీ, అంతకుముందు ఆయన ఎన్నిటికి సరేనన్నాడో చెప్పరు. బబులోనువాళ్లు పెట్టిన బెల్తెషాజరు అన్న పేరు ఒప్పుకున్నాడు. వాళ్ల భాష నేర్చాడు, వాళ్ల రాజు కొలువులో చేరాడు. రాజుగారి భోజనం దగ్గర మాత్రం వద్దన్నాడు. అదీ కంచం తోసేసి కాదు, తన పై అధికారిని బతిమాలి, పది రోజులు శాకధాన్యాలు పెట్టి చూడమని అడిగి. ప్రార్థన మానమన్నప్పుడు మానలేదు, సింహాల గుహలో వేసింది అందుకే. ఆయన పట్టుబట్టినవి రెండుమూడు సంగతులే. మీరూ మీ రెండుమూడింటిని ఇప్పుడే తేల్చుకోండి.

జ్యోతి ఎత్తడం, అమ్మవారికి మొక్కడం మీవల్ల కావు, సరే. చందా మీవారి పేరిట వెళ్లనివ్వండి, అది ఆయన ఊరు, ఆయన దేవర. బొట్టు, గాజుల దగ్గర పంతం అవసరమని నాకు అనిపించదు. చుట్టాలు ఎంతమంది వస్తే అంతమందికి మీ చేత్తో ఓళిగలు చేసి పెట్టండి. దేవరకు కోసిన పొట్టేలు కూర తినాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇలాంటి తగవే కొరింథు ఊరి క్రైస్తవుల్లో వస్తే అపొస్తలుడు పౌలు తన ఉత్తరంలో మూడు అధ్యాయాలు రాయవలసివచ్చింది, నేను రెండు వాక్యాల్లో తేల్చలేను.

ఇంకో మాట అడగనా? ఈ ఐదేళ్లలో ఎప్పుడైనా అత్తగారి పూజగూటి గురించి గానీ, పెద్దమ్మ గురించి గానీ పిల్లల ముందు చులకనగా అన్నారా? అని ఉంటే దేవర లోపే ఆవిడ దగ్గర ఒప్పుకోండి. మీ నమ్మకానికి ఇతరులు ఇవ్వాలని మీరు కోరుతున్న మర్యాద అదే.

మీవారితో గొడవ పడకండి, ఆయన మీ పక్షమే, భయంలో ఉన్నారు. ఆయనకు తెలిసిన కథే గుర్తుచేయండి. ముడుమాల దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్దయ్య బ్రహ్మంగారి శిష్యుడైతే తల్లిదండ్రులు గోల పెట్టారని, సంగతి కడప నవాబు దాకా వెళ్లిందని, అక్కడా సిద్దయ్య గురువును విడవలేదని మీ జిల్లా అంతా చెప్పుకుంటుంది. ఆ సిద్దయ్యకు దండం పెట్టే మనిషికి మీ బాధ అర్థం కాకపోదు. జ్యోతిని ఈసారి ఆడబిడ్డో తోడికోడలో ఎత్తేలా ఆయనే ముందుగా ఏర్పాటు చేస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

ఇక బెదిరింపులు. రేషను కార్డు ఇచ్చేది ఆదాయం, భూమి వంటివి చూసి. మతం చూసి కాదు. ఎస్సీ ధ్రువపత్రం మాత్రం వేరే సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఆ హోదా. మీ కులం ఏమిటో రాయలేదు. పిల్లల చదువులు ఆ పత్రం మీద ఆధారపడి ఉంటే ముందే వకీలుతో మాట్లాడండి. మిమ్మల్ని వదిలేయమంటున్నారన్నారు. భార్య గానీ భర్త గానీ మతం మారితే 1955 హిందూ వివాహ చట్టం కింద రెండోవారు విడాకులు అడగవచ్చు, దాచడమెందుకు. కానీ అడగవలసింది మీవారు. బావగారికీ ఊరి పెద్దలకూ అందులో పని లేదు.

వీధి కొళాయి పంచాయతీది. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో నోటుపుస్తకంలో రాసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మీ మనస్సాక్షికి రక్ష. బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షను కింద నేరం. స్టేషనులో పట్టించుకోకపోతే సోమవారం కడప ఎస్పీ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. మీవారు కూడా సంతకం పెడితే దాని బరువే వేరు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కు ఫోను చేయండి. చేయి ఎత్తేదాకా వస్తే 112. అర్జీ అంటే మొదట బావగారి మీద కేసు పెట్టడమేనని అనుకోకండి. చాలా పల్లెల్లో ఎస్సై పిలిచి మాట్లాడితేనే ఆగిపోతుంది.

దేవర ముందు రోజుల్లో పిల్లలను పుట్టింట్లో ఉంచగలిగితే ఉంచండి. నలుగురిలో నిలబెట్టి ‘నీ దేవుడెవరురా’ అని వాళ్లను అడిగే అవకాశం ఎవరికీ ఇవ్వవద్దు.

బైబిలును ఇవాళే బియ్యం డబ్బాలోంచి తీసేయండి. ఆదివారం వంట అత్తగారిదేనని మీరే రాశారు. అది అక్కడుందని ఆవిడకు ఎప్పుడో తెలిసే ఉంటుంది.