ఆ 565 ఓట్లు అటూ ఇటూ అయితే

‘అలా జరిగి ఉంటే’ కథల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి వేళకి వచ్చి కోటను కాపాడినట్టు కథ రాశాను. చదివినవాళ్లు ‘బాగుంది గానీ, తర్వాతేటి?’ అంటున్నారు. ఎక్కడ తప్పింది?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మలుపు ఎంచుకోవడంలోనే తప్పింది. 1757 జనవరి 24న కోట నిలిచిందనుకున్నా, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మర్నాడూ అక్కడే ఉంటాయి. మీరు ఓటమిని ఒక రోజు వాయిదా వేశారంతే. ఆ యుద్ధంలో మన ప్రాంతం తలరాతను తిప్పింది కోట కూలడం కాదు, కొద్ది రోజులకు గుడారంలో జరిగిన హత్య. ఆ హత్యలో పోయిన విజయనగరం రాజు విజయరామరాజు బతికి ఉంటే గద్దె ఆనందరాజుకు రాదు. ఆనందరాజు ఫ్రెంచివాళ్లతో చెడి ఇంగ్లీషువాళ్లను పిలిచాకే కల్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి, 1759 ఏప్రిల్‌లో బందరు కోట ఇంగ్లీషువాళ్ల పరమయ్యాయి. కాబట్టి పాపారాయుడు గుడారంలోకి దూరేసరికి కాపలావాడు మేలుకుని ఉన్నాడనండి. కథ అక్కడ మొదలవుతుంది.

ఒక జాగ్రత్త. విజయరామరాజు బతికినా, 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ బుస్సీని దక్షిణాదికి పిలిపించుకోవడం ఆగదు. ఆ నిర్ణయానికీ మన రాజుగారి ప్రాణానికీ సంబంధం లేదు. మీరు మార్చింది ఒకటే కాబట్టి, మిగతావి వాటి దారిన అవి జరగాలి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ప్రశ్న: రాజుల కాలం కాకుండా మన జిల్లాల్లో ఓట్ల కాలం నుంచి మలుపు దొరుకుతుందా? దొరికితే కథగా ఎలా కట్టాలి?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: మీ ఊరి పేరు మీదే ఉందమ్మా, ఇంత మంచిది రాష్ట్రంలో మరొకటి చూపించడం కష్టం. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, అందులో ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. రిజర్వు స్థానం పోగా, మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే రెండో స్థానం వాళ్లది. ఆ లెక్కన సూరిదొరకు 1,24,604, వి.వి. గిరి గారికి 1,24,039. తేడా 565. 1937లో బొబ్బిలిలో సాక్షాత్తూ రాజావారినే ఓడించిన మనిషి, పక్కూళ్లోనే ఓడిపోయారు. అదే ఏడు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా వెళ్లారు.

మలుపు కోసం కొందరు కోర్టు వైపు చూస్తారు. ఆ ఎన్నిక మీద గిరి గారు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో సూరిదొర పక్షానే తేలింది. తీర్పు తిరగబడినట్టు రాస్తే కథ కుంటుతుంది. అప్పటికే గిరి గారు గవర్నరు, గవర్నరుగా ఉంటూ పార్లమెంటు సభ్యుడిగా కొనసాగడం కుదరదు. కోర్టును వదిలేసి పోలింగు గదిలోకి రండి.

అప్పట్లో కాగితం మీద ముద్ర వేయడం లేదు. అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు. ఓటరు చేతికి రెండు కాగితాలు ఇస్తారు, రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. వేస్తే లెక్కింపులో ఒకటే ఉంచి రెండోది కొట్టేస్తారు. ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఒక ఓటు గిరి గారికీ రెండోది సూరిదొరకీ వేసినవాళ్లలో 566 మంది, పొరపాటున రెండో కాగితం కూడా గిరి గారి పెట్టెలోనే వేశారనుకోండి. గిరి గారికి ఒక్క ఓటూ పెరగదు. సూరిదొరకు మాత్రం 566 తగ్గి 1,24,038 అవుతాయి. ఒక్క ఓటుతో గిరి గారు గెలిచారు! చెల్లని ఓట్లు గెలిపించిన ఎన్నిక. ‘రొండు కాయితాలూ ఆ పెట్టిలోనే ఏసీసినాను బావూ’ అనే ఒక ముసలమ్మను పెట్టండి, మొత్తం కథ ఆమె మీద నిలబడుతుంది.

ఇక కట్టుబడి. పత్రిక కథకు 2,000 నుంచి 2,500 మాటలు, మలుపు తర్వాత మూడు మెట్లకు మించొద్దు. మొదటి మెట్టు: 1957లో గెలిచారు కాబట్టి గవర్నరుగా వెళ్లలేదు. రెండు: 1967లో ఉపరాష్ట్రపతి మరొకరు. మూడు: 1969 మే 3న జాకీర్ హుస్సేన్ చనిపోయినప్పుడు తాత్కాలిక రాష్ట్రపతి గిరి గారు కాదు. ఆ తర్వాత నిజంగా జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే గిరి గారు 4,20,077తో, 4,05,427 వచ్చిన నీలం సంజీవరెడ్డిని దాటారు. అదే ఏడు కాంగ్రెస్ చీలింది. మీ కథలో సంజీవరెడ్డి గెలిచినా చీలిక ఆగిందని రాయకండి, ఇందిరాగాంధీకీ సిండికేటు అనే పాత కాంగ్రెస్ నాయకుల జట్టుకీ తగువు గిరి గారి వల్ల పుట్టింది కాదు. కావాలంటే చీలిక ఏ రోజు, ఏ సాకుతో వచ్చిందో మార్చుకోండి.

గిరి గారు గెలిచారు కదా అని నెహ్రూ మంత్రివర్గంలో కూర్చోబెట్టడం కూడా తేలిక కాదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డు (వేతనాల తీర్పు) విషయంలో కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసి వచ్చినవారు. మళ్లీ తీసుకోవాలంటే కారణం మీరే చూపాలి.

ప్రశ్న: నాయకుల అసలు పేర్లు వాడితే కేసులవుతాయా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: చనిపోయినవారి మీద రాసినా పరువునష్టం కావచ్చు. భారతీయ న్యాయ సంహిత 356లో ఆ వివరణ ఉంది: వాళ్లు బతికుంటే పరువు పోయేలా ఉండి, కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో రాస్తే. ఎన్నిక, పదవి, రాజీనామా మార్చుకోండి. లంచం, అక్రమ సంబంధం, హత్య లాంటివి అసలు పేరుకు అంటగట్టకండి. బతికున్నవారైతే పేరు మార్చేయడమే మేలు. ‘ఇది కల్పితం’ అని మొదట్లో ఒక వాక్యం వేస్తే చాలనుకోవద్దు, అది కోర్టులో గొడుగు కాదు.

ప్రశ్న: 1957 నాటి కథ పంపితే ‘కాలం కుదరలేదు’ అని తిప్పి పంపారు. ఏం సరిచూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ముందు జిల్లా. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది, 1957లో బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోవే. తర్వాత డబ్బు. ఆ ఎన్నికలు ఫిబ్రవరి, మార్చిల్లో జరిగాయి, నయాపైసలు ఏప్రిల్ 1న వచ్చాయి. పోలింగు రోజు టీ కొట్లో అణాలే ఇవ్వాలి. బియ్యం శేర్లు, కుంచాల్లో కొలవాలి, కిలోలు అప్పటికింకా లేవు. యాస మాటల్లోనే పెట్టండి, కథనంలో వద్దు. వేలికి సిరా ఉండొచ్చు, బటన్ నొక్కినట్టు మాత్రం రాయకండి.