ఒక్క పంట కాలానికే చీలిపోతున్న గమ్ బూట్లు: ఏ రకం కొనాలి, ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా మైదుకూరు దగ్గర పల్లె. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద రెండెకరాల వరి, ఎకరం పసుపు, రెండు గేదెలు ఉన్నాయి. నిరుడు నాట్లకు ముందు మోకాలి కిందివరకు వచ్చే నల్ల గమ్ బూట్లు కొన్నాను. దసరా నాటికే వేళ్లు మడతపడే చోట అడ్డంగా చీలి నీళ్లు లోపలికి వస్తున్నాయి. దమ్ము మడిలో (నీరు పెట్టి బురదగా దున్నిన మడిలో) దిగితే బూటు బురదలోనే ఉండిపోయి కాలు ఒక్కటే బయటికి వస్తోంది. వేళ్ల సందులు తెల్లగా నాని మంట పుడుతున్నాయి. రాత్రి వంతు నీళ్లకు వెళ్లాలంటే పాముల భయం. ఈసారి నాలుగు డబ్బులు ఎక్కువైనా గట్టివి కొనాలనుకుంటున్నాను. ఏ రకం మంచిది? ఎన్నేళ్లు వస్తాయి?

జవాబు: ముందుగా ఒక మాట. దమ్ము చేసిన మడిలోకి ఆ బూట్లతో దిగకండి. మన నల్లరేగడి బురద బూటు చుట్టూ సందు లేకుండా అతుక్కుంటుంది. కాలు పైకి లాగినప్పుడు అడుగుకు గాలి చేరే దారి ఉండదు కాబట్టి బురద బూటును కిందికే పట్టి ఉంచుతుంది. బూటు ఎంత వదులైతే అంత తొందరగా ఊడిపోతుంది. బలవంతంగా లాగితే మోకాలు మెలిక పడుతుంది, బూటు మడమ దగ్గర సాగిపోతుంది. దమ్ము పనికి పలుచని రబ్బరుతో, పిక్కను పట్టి ఉండేలా చేసిన బూట్లు వేరే ఉంటాయి. అవి దొరకకపోతే నాట్లప్పుడు ఒట్టి కాళ్లతోనే దిగి, పైకి వచ్చాక కాళ్ల సంగతి చూసుకోవడం నయం. నీరు కట్టడానికి, పసుపు బోదెల మధ్య తిరగడానికి, గట్ల మీద గడ్డి కోయడానికి, గేదెల పాకలో పేడ ఎత్తడానికి మాత్రం గమ్ బూట్లు తప్పకుండా వాడండి.

ఇక అవి చీలిన కారణం. మీరు చెప్పిన చోటును బట్టి అవి పీవీసీ బూట్లు అయి ఉంటాయని అనుకుంటున్నాను. పొలంలో వేసే నీటి పైపుదీ ఆ బూటుదీ ఒకే పదార్థం. పైపు గట్టిగా ఉండి బూటు మెత్తగా ఉండటానికి కారణం, బూటులో కలిపే నూనెలాంటి పదార్థం. ఎండకు, డీజిలుకు, నూనె రూపంలో ఉండే ఈసీ రకం పురుగు మందులకు ఆ నూనె కొద్దికొద్దిగా బయటికి పోతుంది. అది పోయిన బూటు పైపులాగే బిరుసెక్కుతుంది. నడిచేటప్పుడు అడుగడుగునా మడతపడేది వేళ్ల వెనుక భాగమే కనుక ముందు అక్కడే పగులుతుంది. పాత జతను చేతిలోకి తీసుకుని చీలిక అంచును గోటితో నొక్కి చూడండి. గోరు దిగకుండా గట్టిగా, పెళుసుగా ఉంటే పదార్థం బిరుసెక్కినట్టే. అంచు ఇంకా మెత్తగానే ఉంటే సైజు తప్పై ఉండవచ్చు. బూటు పెద్దదైతే మీ వేళ్లు మడిచే చోట కాకుండా వేరే చోట లోతుగా ముడత పడుతుంది. రోజూ అదే గీత మీద మడిచి మడిచి చివరికి తెగిపోతుంది.

రకం విషయానికి వస్తే, మీ పనికి నేను సహజ రబ్బరు బూట్లనే చెబుతాను. ధర ఎక్కువ, బరువూ ఎక్కువే. అయినా మడత దగ్గర అంత త్వరగా పగలవు, తడి గట్టు మీద పట్టు బాగుంటుంది, ముల్లు దిగినా అతుకు వేసుకోవచ్చు. సైకిల్ ట్యూబు ముక్క, పంక్చర్ సొల్యూషన్ ఉంటే ఇంట్లోనే అవుతుంది. పీవీసీ మీద ఆ సొల్యూషన్ నిలవదు. సహజ రబ్బరుకూ ఒక బలహీనత ఉంది. డీజిలు, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. ట్రాక్టరు, ఇంజను పని ఎక్కువగా ఉన్నవారు నూనెను తట్టుకునే నైట్రైల్ రబ్బరు కలిపిన బూట్లు తీసుకోవాలి. పాలీయురిథేన్ అనే మరో రకం ప్లాస్టిక్ బూట్లు తేలిగ్గా ఉంటాయి కానీ వాటి ధరకు మన పొలం పనిలో తగిన ఫలితం ఉండదని నా అభిప్రాయం. ముందు భాగంలో ఇనుప రేకు ఉన్నవీ అక్కరలేదు, బురదలో కాలికి బరువు తప్ప.

దుకాణంలో ఐఎస్ఐ గుర్తు చూడండి. దాని పక్కన పీవీసీ బూట్లకు ఐఎస్ 12254, రబ్బరు బూట్లకు ఐఎస్ 5557 అనే సంఖ్య ఉంటుంది. తర్వాత బూటు పైభాగాన్ని రెండు వేళ్ల మధ్య గట్టిగా మడవండి. మడత మీద తెల్లటి గీత లేస్తే సుద్దలాంటి చౌక పొడి ఎక్కువగా కలిపారని అనుమానించి పక్కన పెట్టండి. అడుగున పళ్లు లోతుగా, ఎడంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే రేగడి మన్ను వాటి మధ్య కూరుకుపోయి, పది అడుగులకే అడుగు నున్నగా తయారై జారుతుంది. మడమ దగ్గర చిన్న మెట్టు ఉంటే విప్పేటప్పుడు రెండో కాలితో నొక్కిపట్టవచ్చు. ఇంటికి తెచ్చిన రోజే పైఅంచు మునగకుండా బకెట్టు నీళ్లలో కాసేపు నిలబెట్టి, లోపల కాగితం వేసి చూడండి. కాగితం తడిస్తే వెంటనే మార్చుకోవచ్చు.

సైజు సాయంత్రం చూసుకోవాలి. పగలంతా నిలబడి పనిచేసినవారి పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి. మీరు వాడే మేజోళ్లతోనే తొడిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండి, నడుస్తుంటే మడమ పైకి లేవకూడదు. ఇంట్లో ఆడవాళ్లూ పాకలో, పసుపు చేలో పనిచేస్తారు కదా, వాళ్లకు వాళ్ల సైజులో వేరే జత కొనండి. మగవాళ్ల బూట్లలో గుడ్డలు కుక్కి వేసుకుంటే గట్టు మీద పడిపోతారు.

పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, తలకిందులుగా కర్రకు తగిలించి నీడలో ఆరబెట్టండి. రేకుల పాక పైకప్పు మీద ఎండలో పడేసే అలవాటు మన ఊళ్లలో చాలా చోట్ల చూస్తున్నాను. మే నెల ఎండ సరే, ఆగస్టు ఎండ కూడా బూటుకు చేటే. మోటారు గదిలో డీజిలు డబ్బాల పక్కన పెట్టకండి, కిరోసిన్‌తో తుడవకండి. లోపలి అట్ట ఊడివచ్చే రకమైతే విడిగా తీసి ఆరనివ్వండి.

వేళ్ల సందుల మంటకు చీలిక ఒక్కటే కారణం కాకపోవచ్చు. గమ్ బూటు బయటి నీటిని రానివ్వదు, లోపలి చెమటనూ పోనివ్వదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు విప్పి కాళ్లు ఆరబెట్టుకోండి, మేజోళ్లు మార్చండి. నాట్ల రోజుల్లో మడిలోంచి రాగానే సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య పొడి గుడ్డతో తుడవాలి. తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన పూతమందు తెచ్చి రాయవద్దు. రెండు రోజులు తగ్గినట్టు అనిపించి, అది తామర అయితే మరింత పాకుతుంది. ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉంటే రోజూ పాదాలు చూసుకోవాలి. మడి నీళ్లలో పనిచేసిన కొద్ది రోజులకు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే, వరి పొలంలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు.

రాత్రి నీళ్లకు మాత్రం బూట్లు లేకుండా గడప దాటకండి. రక్తపింజర, నాగుపాము ఎక్కువగా కాటు వేసేది పాదం, చీలమండ దగ్గరే. మోకాలి కిందివరకు ఉన్న మందపాటి బూటు ప్రాణాలు కాపాడగలదు, పూర్తి భరోసా మాత్రం కాదు. టార్చి, చేతికర్ర వెంట ఉండాలి. తొడిగే ముందు బూటును బోర్లించి దులపండి, తేళ్లు దూరి ఉంటాయి. కాటు పడితే తాళ్లు కట్టడం, కోయడం, మంత్రాలు వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరండి. మోటారు స్టార్టరు ముట్టుకునేటప్పుడు బూట్లున్నాయన్న ధీమా పనికిరాదు. మామూలు గమ్ బూట్లు విద్యుత్తును ఆపుతాయన్న హామీ లేదు.

ఎన్నేళ్లు వస్తాయన్నది ఎండ, మందులు, సైజు మీద ఆధారపడే సంగతి, అంకె చెప్పలేను. మందు కొట్టడానికి లోపల గుడ్డ లేని జత విడిగా పెట్టుకుంటే, రోజువారీ జత నిలుస్తుంది. మందు కొట్టేటప్పుడు ప్యాంటును బూటు లోపలికి దోపకుండా పైన వదలండి, కారిన మందు లోపలికి పోదు. చీలిన పాత జతను మాత్రం ఆ పనికి వాడవద్దు. చీలికలోంచి దిగిన మందు, బూటు విప్పేదాకా మీ చర్మానికి అంటుకునే ఉంటుంది.