భూమి దస్త్రం దగ్గర మొదలుపెట్టు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సబ్బవరంలో న్యాయవిద్య ముగించుకున్నావు. సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టుల న్యాయవాదిగా స్థిరపడాలని ఉందనీ, ముంబయిలో బ్యాంకుల తరఫున రుణ ఒప్పందాలు రాసే సంస్థలో చేరాలో, ఇక్కడ ప్రాజెక్టులు కట్టే కంపెనీ న్యాయ విభాగంలో చేరాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. మొదటి రెండు మూడేళ్లు కంపెనీ వైపే ఉండమని నా సలహా. రుణ ఒప్పందాన్ని ఎంత పకడ్బందీగా రాసినా, ప్లాంటు కింది భూమి మీద హక్కు, కరెంటు కొన్న డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లు చెల్లిస్తుందన్న భరోసా, ఈ రెండూ గట్టిగా ఉంటేనే అది నిలుస్తుంది.

మీభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో అడంగల్, 1బి అనే భూమి రికార్డులు చూసి, ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీసి, హక్కు సక్రమమేనని అభిప్రాయం రాసిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చాలదు. పాత సర్వే నాటి భూమి వివరాలుండే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు తెరిపించి, ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఏముందో నీ కళ్లతో చూడు. పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో చుక్కలు మాత్రమే ఉంటే అది చుక్కల భూమి. రైతు ఎన్నేళ్లుగా సాగు చేసుకుంటున్నా, 2017 నాటి చట్టం కిందనో ఆ తరువాతి ఉత్తర్వుల కిందనో దాని సంగతి తేలిందని రుజువు దొరికేదాకా లీజు రాయించవద్దు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టాన్ని సవరణలతో సహా చదువు.

ఏజెన్సీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నీటిని పైకి తోడి నిల్వ చేసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుల చూపు ఇప్పుడు అల్లూరి జిల్లా కొండల మీద పడింది. అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం అమలులో ఉంది, గ్రామసభను సంప్రదించమనే పెసా చట్టం ఉంది. గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన సమత తీర్పు, మన అనంతగిరి మండలం నుంచి వెళ్లిన వివాదం మీద వచ్చినదే. దాన్ని సంక్షిప్తంగా కాక పూర్తిగా చదువు. ఆ ఊళ్ల వాళ్ల హక్కును అడ్డంకిగా చూసే న్యాయవాదివి మాత్రం కావద్దమ్మా, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక డబ్బు సంగతి. 2019 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల (పీపీఏల) ధరలు తగ్గించడానికి సంప్రదింపుల కమిటీని వేసింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. మధ్యంతరంగా యూనిట్‌కు పవన విద్యుత్‌కు 2.43, సౌర విద్యుత్‌కు 2.44 రూపాయల చొప్పున చెల్లించమన్నారు. ఒప్పందపు ధరను ఏకపక్షంగా మార్చడానికి వీల్లేదని డివిజన్ బెంచి 2022 మార్చిలో తేల్చింది. న్యాయం ఉత్పత్తిదారుల వైపే ఉన్నా, ఆ మధ్యకాలమంతా బ్యాంకు కిస్తీలు ఆగలేదు. అందుకే పీపీఏ చేతికి రాగానే ధర దగ్గర ఆగిపోకుండా, డిస్కం కట్టకపోతే బ్యాంకు చెల్లిస్తుందన్న హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్ ఎన్ని నెలల బిల్లుకు ఇచ్చారో, రద్దయితే పరిహారం ఎవరు, ఎంత చెల్లించాలో వెతుకు. తరువాత ఫైనాన్స్ వాళ్ల పక్కన కూర్చుని, ఆరు నెలలు బిల్లు రాకపోతే ఏ ఖాతాలోంచి కిస్తీ కట్టాలో లెక్క వేయించు. ప్రాజెక్టు ఆదాయమంతా ముందుగా చేరే ట్రస్ట్ అండ్ రిటెన్షన్ ఖాతాలో పన్నులు, నిర్వహణ ఖర్చులు, అప్పు, నిల్వ ఖాతా, చివరికి యజమాని వాటా అనే వరుస ఎందుకు పెట్టారో ఆ లెక్కతోనే అర్థమవుతుంది.

డిస్కంకూ ఉత్పత్తిదారుకూ మధ్య వివాదం 2003 విద్యుత్ చట్టం 86(1)(ఎఫ్) కింద ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికే వెళుతుంది కాబట్టి, విచారణలు జరిగేటప్పుడు వెళ్లి విను. సీనియర్లు వాదించే తీరు కంటే సభ్యులు వేసే ప్రశ్నలు రాసుకోవడం నీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇదంతా చేతికి వచ్చాక బ్యాంకు వైపు వెళ్లు. కంపెనీ కిస్తీలు కట్టలేకపోతే దాని స్థానంలో మరొకరిని నిలబెట్టే హక్కు బ్యాంకుకు ఉండాలి. ఆ హక్కుకు రైతు సమ్మతి లీజులోనే రాసి ఉందా అని రుణ ఒప్పందం తయారయ్యేలోపే అడగడం అప్పటికి నీకు అలవాటై ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న