ఒకే డేటా రెండు చోట్ల ఎందుకు?

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్ మీద నడుస్తుంది. లైనక్స్ సర్వర్, 16 జీబీ ర్యామ్, డేటా 30 జీబీ దాకా ఉంది. నెలాఖరున స్టాక్ రిపోర్టు తీస్తే కౌంటర్‌లో బిల్లులు కూడా నత్తనడకే. 'ఓ_డైరెక్ట్' పెట్టమని ఓ మిత్రుడు చెప్పాడు. పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పెట్టొచ్చు. కానీ ముందు చూడాల్సింది ఇంకొకటుంది.

మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచి, తీసిచ్చే భాగం ఇన్నోడీబీ. అది డిస్క్ నుంచి చదివిన 16 కేబీ పేజీలను (డేటా ముక్కలను) బఫర్ పూల్ అనే తన సొంత మెమరీలో ఉంచుకుంటుంది. అదే డేటాను లైనక్స్ కూడా తన పేజ్ క్యాష్‌లో, అంటే ర్యామ్‌లోనే మరోచోట, దాస్తుంది. ఒకే పద్దును రెండు పుస్తకాల్లో రాసుకున్నట్టు! ఓ_డైరెక్ట్ ఆ రెండో పుస్తకాన్ని తీసేస్తుంది. మీ మిత్రుడు చెప్పింది తప్పేం కాదు. మైఎస్‌క్యూఎల్ 8.4 వెర్షన్ నుంచి లైనక్స్‌లో డీఫాల్ట్‌గా వచ్చేది కూడా అదే.

చిక్కల్లా బఫర్ పూల్ సైజుతోనే. ఎవరూ మార్చకపోతే అది 128 ఎంబీ! ఇన్‌స్టాల్ చేసినవాళ్లు దాని జోలికి పోకుండా వదిలేసిన సర్వర్లు నేను బోలెడు చూశాను. మీదీ అంతే అయితే, ఇన్నాళ్లూ బండి లాగుతున్నది లైనక్స్ క్యాషే. ఇప్పుడు దాన్ని పక్కన పెడితే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. పూల్‌లో లేని ప్రతి పేజీకీ డిస్క్ దాకా పోవాల్సిందే.

కాబట్టి ముందు 'ఇన్నోడీబీ_బఫర్_పూల్_సైజ్' పెంచండి. ఆ సర్వర్‌లో డేటాబేస్ ఒక్కటే ఉంటే 10 జీబీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అందులోనే ఉంటే 8 చాలు. అత్యాశకు పోతే ర్యామ్ చాలక సర్వర్ స్వాప్‌లోకి (డిస్క్‌నే మెమరీగా వాడుకోవడంలోకి) దిగి మొదటికే మోసం వస్తుంది. ఆ తర్వాతే 'ఇన్నోడీబీ_ఫ్లష్_మెథడ్'ను ఓ_డైరెక్ట్‌కు మార్చండి. దీనికి రీస్టార్ట్ తప్పదు. షాపు మూశాక, బ్యాకప్ తీసుకునే చేయండి. రీస్టార్ట్ కాగానే పూల్ నిండి ఉండదు, అందుకే రిపోర్టు మొదటిసారి పట్టిన టైమును లెక్కలోకి తీసుకోకండి.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్లు ఇది చదివి అదే సెట్టింగు కోసం వెతక్కండి. పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌నే నమ్ముకుని పని చేస్తుంది.

ఇంత చేసినా రిపోర్టు కదలకపోతే ఆ రిపోర్టు కోసం డేటాబేస్‌ను అడిగే క్వెరీకి ముందు 'ఎక్స్‌ప్లెయిన్' పెట్టి నడపండి. 'టైప్' గడిలో 'ఆల్' అని వస్తే టేబుల్ మొత్తం తిరగేస్తోందన్నమాట. అప్పుడు సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్లను పిలిచి ఇండెక్స్ (కావాల్సిన వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) సంగతి అడగండి.