రెండో కంప్యూటర్‌కి గేమ్ మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు

మీ బాధ అర్థమైందండీ. ఇంట్లో డెస్క్‌టాప్‌లో 90 జీబీల గేమ్ ఉండగా, తమ్ముడి ల్యాప్‌టాప్‌కి మళ్లీ నెట్ నుంచే దింపాల్సి వస్తోంది, గేమ్‌లు కొని దింపుకునే స్టీమ్ యాప్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసే సదుపాయం పెట్టాలి అన్నారు. మంచి సూచనే, కానీ 2023లోనే పెట్టేశారు. సెట్టింగ్స్‌లో లోపలెక్కడో ఉంటుంది, అందుకే ఎవరి కంటా పడదు.

రెండిట్లోనూ స్టీమ్ తెరిచి లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్‌కి వెళ్తే, కింద లోకల్ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్ల బదిలీ అని కనిపిస్తుంది. ఆన్ చేయండి. తమ్ముడిది వేరే అకౌంట్ అయితే ఇద్దరూ స్టీమ్‌లో ఫ్రెండ్స్ అయ్యుండి ఫ్రెండ్స్‌కి అనుమతి ఇవ్వాలి, లేదా అందరికీ అనుమతి ఇవ్వాలి. తర్వాత ల్యాప్‌టాప్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే చాలు, పక్క సిస్టమ్ నుంచే లాక్కుంటుంది.

డెస్క్‌టాప్‌లో గేమ్ ముందే అప్‌డేట్ అయి ఉండాలి. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం వేరుగా పెట్టే నెట్‌వర్క్) ఉంటే మాత్రం ఒకదానికొకటి కనిపించకపోవచ్చు. నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నది అక్కడే! వీలైతే రెండిటికీ కేబుల్ పెట్టండి, వైఫైలో నత్తనడకే.

అయినా కుదరకపోతే గేమ్ ప్రాపర్టీస్‌లో బ్యాకప్ ఆప్షన్ ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకుని అవతల రీస్టోర్ చేసుకోవచ్చు.